మారెప్పన్న చెప్పకుండా దాటేసిన ముక్క

మా అన్న మారెప్ప పోయి ఏడాదయింది. ఇప్పటికీ ఎక్కడైనా టైరు పేలితే నాకు ముందు నవ్వొస్తుంది, ఏడుపు ఆ తర్వాత వస్తుంది.

అన్న ఆదోని, ఆలూరు మధ్య షేర్ ఆటో నడిపేవాడు. ఒకరోజు పక్కన పోతున్న పత్తి లారీ టైరు పేలింది. ఆటో రోడ్డు దిగి కంపచెట్లలో పడింది. ఎవరికీ ఎముక విరగలేదు. కానీ ఆ రోజు నుంచి అన్న ఆటో ముట్టలేదు. కుక్కరు కూత పెడితే మంచం కింద దూరేవాడు. నిద్రలో బ్రేకు తొక్కి తిమ్మమ్మ వదినను కింద పడేసేవాడు.

ఊరంతా జడుపన్నారు. మసీదు ముందు నీళ్లు ఊదించారు. తాయెత్తులు కట్టీ కట్టీ మోచేయి మడవడానికి చోటు లేకుండా చేశారు. వదిన తమ్ముడు మారుతి, జడుపును జడుపే తీస్తుందని వెనక నుంచి లక్ష్మీబాంబు పేల్చాడు. అన్నను గడ్డివామి మీద నుంచి దించడానికి నిచ్చెన తేవాల్సివచ్చింది.

చివరికి వదిన పెద్దాసుపత్రికి లాక్కుపోయింది. డాక్టరమ్మ ఇది పిరికితనం కాదన్నారు. పెద్ద ప్రమాదం జరిగాక కొందరి మనసు అక్కడే చిక్కుకుపోతుందని, నయమయ్యే జబ్బేనని చెప్పారు. మందులిచ్చి, జరిగింది జరిగినట్టు రోజూ ఎవరికైనా చెప్పమన్నారు. తర్వాత ఆగిన ఆటోలో కూర్చోవాలి, ఆ తర్వాత సందు చివరిదాకా నడపాలి.

చెప్పడం అన్నకు ఒకరు నేర్పాలా? సాయంత్రమైతే అరుగు నిండేది. ఎవరైనా బాగుందంటే లారీకి ఇంకో రెండు టైర్లు పేలేవి. మూడో వారానికి అన్న ఆటోను గాల్లోనే తిప్పి అందరినీ కాపాడేశాడు. జబ్బు మాత్రం కదల్లేదు.

డాక్టరమ్మ అంతా ఓపిగ్గా విని, ఆటో పడ్డాక ఏం చేశావని అడిగారు. అన్న మళ్లీ టైరు పేలిన దగ్గర మొదలుపెట్టాడు. దాటేసిన ఆ ముక్క కూడా చెప్పమని ఆమె పంపేశారు.

ఆ సాయంత్రం అరుగు మీదికి అమీరున్నీసా, ఆమె భర్త సర్దార్ వచ్చారు. ఆనాడు ఆటోలో ఉన్నది వాళ్లే. అన్న తల దించుకున్నాడు.

"మిమ్మల్ని ఆడ్నే ఇడిసిపెట్టి ఉరికినానక్కా. ఎనక్కి తిరిగి సూడ్లేదు."

అమీరున్నీసా వక్క నములుతూనే అంది. "నువ్వు లేసేలోపే నేను చేను దాటినా కదప్పా."

సర్దార్ ఆమె వైపు తిరిగాడు. "నీళ్లు తెచ్చేకి పోయినా అంటివే?"

అరుగంతా నవ్వింది. అన్న కూడా నవ్వాడు, ఆరు నెలల్లో మొదటిసారి. ఆ తర్వాత కథకు ఏమీ కలపకుండా, ఆ ముక్క దాటేయకుండా రోజూ చెప్పాడు. మందులు మానలేదు. నాలుగు నెలలకు ఆలూరు రోడ్డెక్కాడు. మొదటి ప్రయాణానికి ఆ మొగుడూపెళ్లాలే ఎక్కారు. సర్దార్ దారి పొడవునా ఆమె బురఖా కొస వదల్లేదట.