కొల్లప్ప మేకల మోహరింపు

పులిజూదం పేరు చెప్పి పెద్దవాళ్ళు బోధించే నీతి ఒకటుంది: ఐకమత్యంగా ఉంటే మేకలు పులిని గెలుస్తాయని. శుద్ధ అబద్ధం. ఎంత ఐకమత్యంగా ఉన్నా తప్పు చోట నిలబడిన మేక చస్తుంది. గెలిపించేది చోటు. ఈ సంగతి దిగువపల్లెలో ఒక్క కొల్లప్పకే పట్టింది.

కొల్లప్ప పావగడ తాలూకాలో గొర్రెలు మేపుకునే మనిషి. మహారాజుల పాలన ఇంకా నడుస్తున్న కాలం. దిగువపల్లెకూ ఎగువపల్లెకూ నడుమ ఒక చెరువుండేది. ఎండాకాలం నీళ్ళు ఇంకిపోయాక అడుగున పచ్చిగడ్డి లేచేది. చుట్టుపక్కల ఎటు చూసినా మట్టే కనిపించే రోజుల్లో ఆ గడ్డిలోకి ఏ ఊరి మందలు ముందు దిగాలో పులిజూదం తేల్చేది. వెనక దిగినవాళ్ళకు మిగిలేది ఎండిన బురదే. కట్ట పోసింది మా తాతలంటూ ఎగువపల్లె వాళ్ళు ఎప్పుడూ పులుల పక్షమే పట్టేవాళ్ళు. దిగువపల్లెకు మేకలు. ఏటా ఓడి, అంతా దేవుడి ఆట అని దులుపుకుని ఇంటికి పోవడం దిగువపల్లెకు అలవాటైపోయింది.

ఆట తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. బండ మీద కొండ ఆకారంలో గీతలు చెక్కి ఉంటాయి. కొండ కొన దగ్గర మూడు పులులు. మేకలు పదిహేను, కాల్చిన మట్టివి. ఒక్కొక్కటే గీతలు కలిసే చోట పెట్టాలి. పెట్టినప్పుడల్లా పులి ఒకసారి కదులుతుంది. పక్కనున్న మేక వెనక చోటు ఖాళీగా ఉంటే దాని మీదుగా దూకి చంపుతుంది. మూడు పులులకూ దారి లేకుండా మూసేస్తే మేకలు గెలిచినట్టు.

దిగువపల్లె వాళ్ళు మేకలను తీసుకుపోయి నేరుగా పులుల ముక్కు కింద పెట్టేవాళ్ళు. అది తెగువ అనుకునేవాళ్ళు. కొల్లప్ప కొండ అడుగు గీత నుంచి మొదలుపెట్టాడు. వెనక చోటే లేకపోతే పులి ఎక్కడికి దూకుతుంది? తర్వాత ఒక మేక వీపుకు ఇంకో మేక. చేతిలోని చివరి మేక బండ మీద పడేదాకా పెట్టినవి కదలవు. ఎడమ మూలకు పక్కనే ఒకదాన్ని మాత్రం ఒంటరిగా వదులుతాడు. అది ఎర. దాన్ని తిన్న పులి మూలలో పడుతుంది, తలుపు మూసుకుంటుంది.

అవతల ఆడేది ఎగువపల్లె వెంకటప్ప. తొందరపడని మనిషి. అతని మీదికి పోవాలంటే సాధన కావాలి. కొల్లప్ప ఇల్లు దారి మీద ఉంది, వచ్చేపోయే ప్రతివాడూ తొంగిచూస్తాడు. అందుకని అదే ఊళ్ళో ఉన్న అక్క నాగక్క ఇంటి పంచలో సున్నంతో గీతలు గీసుకుని, బావ ఆదెప్పను పులుల వైపు కూర్చోబెట్టాడు.

"ఆకలిగొన్నోని మాదిరి ఆడొద్దు బావా. ఎంకటప్ప మాదిరి ఆడు."

"వాడెట్ల ఆడతాడో నాకేం తెలుసప్పా? నేను మీ అక్కతోనే గెలవలేకుండా ఉండా."

"గెలిచి చూడు, ఆ పొద్దు ముద్ద యాడ దొరుకుతాదో!" అంది నాగక్క లోపలినుంచి.

కొల్లప్ప నవ్వి, బావ చేతిలోని పులిని తానే తీసుకున్నాడు. "ఇదో చూడు. ఎరను ముట్టకుండా, ఈ నడిమి పులిని ముందే అడుగు గీతకు దింపినాడంటే నా కోట కూలినట్టే. ఇదొక్కటి వానికి తోచకూడదు."

"తోచదులే. అంత తెలివి యాడిది వానికి?"

ఆ ఏడు వరుసగా రెండోసారి వానలు ఎగ్గొట్టాయి. కొల్లప్ప మందలో సగం చూలు గొర్రెలు. "ముందు మనము దిగకుంటే ఈ మంద వానల దాకా నిలవదు," అని భార్య రామాంజినమ్మ తేల్చి చెప్పింది. ఆయనకూ తెలుసు.

ఆట రోజు రెండూళ్ళూ బండ చుట్టూ మూగాయి.

"ఏమప్పా కొల్లప్పా, నీ మేకలు మేసేకి వచ్చినాయా, మేతయ్యేకి వచ్చినాయా?" అన్నాడు వెంకటప్ప.

"ముందు నీ పులులకు పండ్లుండాయేమో చూసుకో."

రెండు వైపులా నవ్వారు. అడుగు గీత మీద మేకలు పడుతున్నాయి. కొల్లప్ప ఎరను పెట్టాడు. వెంకటప్ప దానివైపు చూడనైనా చూడలేదు. నడిమి పులిని తిన్నగా అడుగు గీతకు దించాడు.

కొల్లప్ప చెయ్యి ఆగింది. తలెత్తి గుంపులో ఆదెప్పను వెతికాడు. ఆదెప్ప తలగుడ్డ సర్దుకుంటున్నాడు.

"తోచినాదే బావా!"

"ఆటప్పా, ఎవురికైనా తోస్తాది."

"ఆట నడుమ ముచ్చట్లేంది? పెట్టు," అని కసిరాడు దిగువపల్లె పెద్ద దొడ్డన్న.

పెట్టాడు. కుడి వైపుకు మళ్ళి పోరాడాడు. ఒక పులిని మూశాడు, ఇంకొకదాన్నీ మూశాడు. అడుగున చొరబడింది మాత్రం వెనకనుంచి ఒక్కొక్క మేకనూ తింటూ పోయింది. మూయడానికి మేకలు చాలలేదు. గెలుపూ ఓటమీ అన్నదమ్ములని దొడ్డన్న చెప్పాడు. ఆ అన్నదమ్ముల్లో గడ్డి ఎవరికో చెప్పలేదు.

మర్నాడు ఎగువపల్లె మందలు తమ ఊరి గుర్తుగా వీపున ఎర్రమన్ను చారలతో చెరువులోకి దిగాయి. వాటిలో ఆదెప్ప గొర్రెలూ ఉన్నాయి, అవే చారలతో. గొర్రెలకాపరికి గొర్రె మొహం తెలుస్తుంది; ఎవరూ చెప్పనక్కర్లేదు.

కొంతసేపటికి నాగక్క ఎర్రమన్ను కలిపిన చిప్పతో తమ్ముడి ఇంటికి వచ్చింది.

"తమ్ముడూ, ఎగువపల్లె వాళ్ళు నీ మందనూ కలుపుకుంటామన్నారు. ఒక చార గీస్తే చాలు."

"ఆ మాట ఎప్పుడు తీసుకున్నారక్కా?"

"శివరాత్రికి ముందు."

సాధన మొదలైంది శివరాత్రి తర్వాత.

"అయితే మీ పంచలో నేను ఆడిందంతా ఎంకటప్పకు పాఠమా?"

"నీ మంద కోసము కూడా చేసినామప్పా. ఎట్లాగూ ఓడేవాళ్ళమే కదా మనం!"

"ఈసారి ఓడేవాళ్ళం కాదక్కా," అన్నాడు కొల్లప్ప. "ఊర్లో మిగతా మందలో?"

నాగక్క చిప్పలోకి చూసింది. కొల్లప్ప ఆ చిప్పను ముట్టుకోలేదు. మధ్యాహ్నానికి మందను తోలుకుని సంస్థానం సరిహద్దు దాటి కళ్యాణదుర్గం వైపు వెళ్ళిపోయాడు.

దీన్ని ఆత్మగౌరవమని మెచ్చుకోవడానికి తొందరపడనక్కర్లేదు. ఆ గౌరవానికి వెల చెల్లించింది గొర్రెలు. అటు వైపూ గడ్డి లేదు. చూలువి చాలావరకు దారిలోనే పోయాయి. "గొర్రెకేం తెలుసు, అది ఎవురి గడ్డో?" అని రామాంజినమ్మ బతికినన్నాళ్ళూ దెప్పింది. ఆమె మాటలో తప్పేమీ లేదు. కొల్లప్ప చేసిన దానిలోనూ నాకు తప్పు కనిపించదు. తర్వాత ఆయన ఊరికి తిరిగొచ్చి ఇతరుల మందలు కాస్తూ బతికాడు.

కొన్నేళ్ళకు నాగక్క మనవడి నామకరణానికి దొడ్డన్న పూనుకుని బావామరుదులను పక్కపక్కన కూర్చోబెట్టాడు. కలిసి తింటే కలిసిపోతారని ఆయన నమ్మకం. భోజనం నడుమ ఆదెప్ప మెల్లగా, "తిన్నంక ఒక ఆట ఆడదాం రాప్పా," అన్నాడు.

"నా దగ్గర ఇంకేముండాది బావా? తెలిసిందంతా నీకే చూపిస్తినే."

కొల్లప్ప పులుసు మళ్ళీ వడ్డించుకున్నాడు, కడుపునిండా తిన్నాడు, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు.