తోరణం కింద మొదటి జోడు

మొన్న నాందేడులో మా ఇంటి ముందు నుంచి ఎన్నికల బండి ఒకటి మైకు మోగించుకుంటూ పోతుంటే, ఆ గోల భరించలేక కిటికీ మూసి వచ్చేసరికి ఊరి నుంచి మా మేనమామ ఫోను చేశాడు. పొలాల పండుగకు మొదటి జోడు ఈ ఒక్క ఏడు తమకిమ్మని పోరగాళ్లు అడగడానికి వచ్చారట. "ఇయ్యాల్నా బిడ్డా?" అన్నాడు. ఒకప్పుడు ఆ గొంతు వింటే ఊరంతా సర్దుకుని కూర్చునేది. మొన్న ఆ గొంతే నన్ను సలహా అడిగింది.

మా ఈడువాళ్లకు చెప్పనక్కరలేదు గానీ, నాందేడు జిల్లా హిమాయత్‌నగర్ అవతల మా ఊళ్లో పొలాల అమావాస్యనాడు కొమ్ములకు రంగులు పూసిన ఎడ్లన్నీ తోరణం కింద నుంచి హనుమాన్ గుడికి నడుస్తాయి, అందులో మొదటి జోడు ఏ ఇంటిదైతే ఊళ్లో ఆ ఇంటి మాట చెల్లుతుంది. ముందు నడిచే ఆ మానం, ఆ మర్యాద తాతల నాటి నుంచీ మాదే. సిపాయిగా పోయిన మామ యుద్ధం నుంచి కాలు కుంటుకుంటూ తిరిగొచ్చిన ఏడు, బావమరిది ప్రాణాలతో వచ్చాడన్న సంతోషం పట్టలేక మా బాపు ఆ ఒక్క ఏటికి ఆయన జోడును ముందు నిలబెట్టి, మా ఎడ్లను వెనక్కి లాగాడు. మామ సిగ్గుపడి వద్దన్నాడు కూడా. నాయనమ్మ ఒక్కతే, "మానం ఎరువిచ్చేది కాదు కొడుకా, ఇస్తే మల్ల రాదు" అన్నది. పండుగపూట ఈ ముసలామె నోరు ఊరుకోదని విసుక్కున్నాం.

ముందు నడిచిన సిపాయిని ఊరు మరవలేదు. సర్పంచిని చేసింది, తరవాత జిల్లా పరిషత్తుకు పంపింది. మొదట్లో మంచే చేశాడు, రోడ్డు వేయించాడు, బస్సు తెప్పించాడు. పోనుపోను ఆయన అర్రలో వెంట తిరిగే పోరగాళ్లు నిండారు, చెప్పులతోనే లోపలికి వచ్చేవారు. యుద్ధంలో పక్కనే పడిపోయిన తోటి సిపాయి గురించి అడిగితే అంతకుముందు మాట రాక లేచిపోయే మనిషి, సభల్లో మైకు పట్టుకుని ఆ కథే చెప్పసాగాడు, ప్రతి ఊళ్లోనూ సరిగ్గా అదే మాట దగ్గర ఆయన గొంతు పూడుకుపోయేది. ఆడవాళ్లలో ముందు కూర్చుని, ఇప్పుడేడుస్తాడని నాకు ముందే తెలిసిపోయిన నాటి నుంచి ఆయనంటే నాకు భయం పట్టుకుంది.

ఒక ఏడు బాపు తన మానం తనకిమ్మని మెత్తగా అడిగాడు. మామ నవ్వి, "నీదే గదా బావా, తీస్కో" అన్నాడు. తీరా పండుగనాడు మేం ఎడ్లను తోలుకుపోతే తోరణం దగ్గర ఆ పోరగాళ్లు కట్టెలు పట్టుకుని నిలబడి ఉన్నారు. మామ కట్టెల వంక చూశాడు, బాపు వంక చూశాడు, చూసి తన ఎడ్లను ముందుకు అదిలించాడు. ఆ సాయంత్రం ఏమీ జరగనట్టు మా ఇంటికొచ్చి బొబ్బట్లు తిని పోయాడు, అమ్మ తల ఎత్తకుండా వడ్డించింది. బాపు బతికున్నన్నాళ్లూ మళ్లీ తోరణం మొహం చూడలేదు.

ఇప్పుడడుగుతున్నది ఆ పోరగాళ్ల కొడుకులే.

"అర్రల చెప్పులతోనే కూసున్నరు బిడ్డా," అని మామ ఫోనులో గొంతు తగ్గించాడు. ఇచ్చెయ్యమన్నాను. ఇవ్వకపోతే ఏమవుతుందో ఆయనకు తెలియనిదా. ఆనాడు తోరణం దగ్గరి నుంచి ఇంటికొచ్చి మీ బాపు ఏమన్నడని అడిగాడు, ఇన్నేళ్లలో మొదటిసారి.

"ఏమనలే మామా. ఎడ్ల కొమ్ములకున్న రంగంత గీకిండు."

ఊళ్లో ఎడ్లు ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే, తోరణం కింద ట్రాక్టర్లకు దండలు వేసి తోలుతున్నారట. మానం మాత్రం పోలేదు, దాన్ని ప్రేమతో మరొకరి చేతిలో పెట్టే మా బాపు లాంటి అమాయకులు పోయారు. పండుగ నిన్ననే అయిపోయింది. మొదటి జోడు ఎవరిదైందో మామ ఫోను చేసి చెప్పలేదు. నేను చేస్తే ఎవరు ఎత్తుతారోనని ఫోను ముందు పెట్టుకుని కూర్చున్నాను.