కడబంతి

మసీనా ఇంకా తూకం మిషను దిగనేలేదు. ట్రైనర్ డిలేనీ అంకె వంక ఒకసారి, ఆ పిల్ల వంక ఒకసారి చూసి, జట్టంతా వినేలా అంకె చదివాడు. చదివి ఊరుకుంటే డిలేనీ ఎందుకవుతాడు? "ఇద్దరు ఎక్కారేమో అనుకున్నా" అన్నాడు. నెట్‌బాల్ ఆడపిల్లలు నవ్వారు. అందరికంటే గట్టిగా మసీనాయే నవ్వింది. ఆస్ట్రేలియాలో, లోగన్‌లో పెరిగిన సమోవా పిల్లలకి చిన్నప్పుడే అబ్బే విద్య అది. మనమే ముందు నవ్వేస్తే ఎదుటివాడికి నవ్వడానికేం మిగలదు.

ఆ సాయంత్రమే అతను అందరి ఫోన్లలోనూ ఒక యాప్ పెట్టించాడు. నోట్లో వేసుకున్న ప్రతిదీ అందులో ఎక్కించాలి. హద్దులో ఉంటే పచ్చ రంగు, దాటితే ఎరుపు. మిగతా పిల్లలు కొన్నాళ్లు ఆడుకుని దాన్ని మరిచిపోయారు. మసీనా మరవలేదు.

ఇంట్లో మొదట్లో అదొక వేడుకే. తల్లి ఫెటూ చామాకుల్లో కొబ్బరిపాలు పోసి పలుసామీ మూటలు చుడుతూ, కూతురు ఫోనులో వెతుక్కోవడం చూసింది.

"ఏంటే, దొరికిందా?"

"పలుసామీ లేదమ్మా ఇందులో. పాలకూర గుజ్జా అని అడుగుతోంది."

"పాలకూరా! దాని మొహం మండా. మన కూడు దానికి తెలీదంటే మనం తిన్నది లెక్కలో లేనట్టేగా. ఇంకో రెండు లాగించు."

అన్న సేఫో విరగబడి నవ్వాడు. మసీనాకి మాత్రం ఆ మాట తిరగబడి వినిపించింది. లెక్కకి అందనిది తినడానికి వీల్లేదు. ముందు పలుసామీ మానేసింది. తర్వాత రాళ్ల పొయ్యిలో కాల్చిన చామదుంప. తర్వాత అమ్మ చేత్తో కలిపినది ఏదైనా సరే, మానేసింది. అమ్మ కొలిచి వండే మనిషి కాదు కదా. చివరికి నల్లగీతల ముద్ర ఉన్న పొట్లాల తిండే మిగిలింది. ఫోను చూపిస్తే అది ఒప్పుకునేది ఆ తిండినే. కొన్నాళ్లకి ఆ పొట్లాల్లోనూ చాలావాటికి సెలవిచ్చేసింది.

సేఫోకి ఇదంతా తెలుసు. చెత్తబుట్ట బయటపెట్టేది వాడే. కాగితం తువ్వాళ్లలో చుట్టి అడుక్కి తోసిన అన్నం, మాంసం వాడి చేతికి తగిలేవి. బేసిన్ కన్నంలో జుట్టు ఉండలు ఉండలుగా వచ్చేది. మిట్టమధ్యాహ్నం ఎండలో చెల్లెలు ఉన్ని చొక్కా వేసుకుని వణికేది.

తెలిసీ ఏం చేస్తాడు? సమోవా వాళ్లలో చెల్లెలు అన్నకి కంటిపాప. ఆమెకి వండిపెట్టాలి, ఆమె వెనక కాపుండాలి, ఆమె మాట పడనివ్వకూడదు. ఆమె ఒంటి గురించి మాత్రం నోరెత్తకూడదు. ఆమె గది గడప దాటకూడదు. "చిక్కిపోయావు" అన్నా తప్పే. కాపలా కాయమని నిలబెట్టి కళ్లు మూసుకోమన్నట్టుంటుంది ఆ మర్యాద. ఎవరు కల్పించారో గానీ, దొంగకి ఇంతకన్నా మేలు ఎవరూ చేసి ఉండరు.

ఉండబట్టలేక తల్లితో అన్నాడు.

"అమ్మా, మసీనాని చూస్తున్నావా?"

"చూడకేం. నాజూగ్గా తయారైంది. సంబంధాలు అడుగుతున్నారు తెలుసా?"

"తినట్లేదమ్మా అది."

"ఆదివారం ఎంతమందికి వడ్డిస్తోందో చూస్తున్నావుగా! తినని పిల్లకి అంత ఓపికెక్కడిదిరా? అయినా ఆడపిల్ల పళ్లెంలోకి తొంగి చూస్తావా, సిగ్గులేకపోతే సరి."

ఆ వడ్డనలోనే ఉంది కిటుకంతా. ఆదివారం చర్చి అవగానే వాళ్ల గ్యారేజీలో చాపలు పరుస్తారు. ముందు బంతి పెద్దలది. ఊరిపెద్ద బిరుదున్న తాత టుఇలోమా, పాస్టరు, అత్తలు. పిల్లలు నిలబడి ఈగలు తోలాలి, అడిగింది అందించాలి. పెద్దలు చేతులు కడుక్కున్నాకే వంటింట్లో కుర్రకారుకి కడబంతి. వడ్డించేది మనవాడైతే కడబంతిలో కూర్చున్నా లోటు లేదంటారు. ఇక్కడ వడ్డించేదీ మసీనాయే, కడబంతిలో కూర్చోవలసిందీ మసీనాయే. కానీ ఆ బంతి దగ్గరికి వచ్చేసరికి ఆమె గిన్నెలు తోముతూ కనిపించేది. తిన్నావా అంటే ఇందాకే అనేది. అందరికంటే ఎక్కువ సేవ చేసే పిల్ల అందరికంటే చివర తింటుందనేది వాళ్ల నమ్మకం. ఆ చివర అనేది అసలు రావట్లేదని ఎవరికి తడుతుంది?

"ఈ పిల్లని చూసి నేర్చుకోండే" అని ఆనె అత్త తన కూతుళ్లని దెప్పేది. "మీకు వడ్డించేలోపే మూతులు జిడ్డు."

ఒక ఆదివారం మాంసం పళ్లెం అందిస్తూ మసీనా తూలింది. గోడ పట్టుకుని నిలదొక్కుకుంది. సేఫో తప్ప ఎవరూ చూడలేదు. ఆ వారమంతా పనిలో వాడికి చేతులాడలేదు. అనకూడదు సరే, పెట్టకూడదని ఎవడన్నాడు? అన్న చేత్తో పెడితే చెల్లెలు కాదనకూడదు. అదీ మర్యాదే.

మరుసటి ఆదివారం పెద్దలు కూర్చోగానే సేఫో ముందుకొచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"పెద్దలు మన్నించాలి. మా చెల్లెలు ఎప్పుడూ వెనకే తింటోంది. ఇవాళ ముందు బంతిలో తింటుంది. వడ్డన నాది."

గ్యారేజీ అంతా చప్పట్లు. టుఇలోమా తాత తొడ చరిచాడు. "అన్నంటే వీడ్రా! రా తల్లీ, నా పక్కన కూర్చో."

మసీనా కదల్లేదు. అన్న వంక చూసింది. ఆ చూపుకి సేఫో చేతిలో పళ్లెం బరువెక్కింది. కానీ అంతమంది పెద్దల ముందు ఆ మాట వెనక్కి తీసుకునే దారి లేదు. ఆమెకీ లేదు. వచ్చి కూర్చుంది.

చామదుంప, పంది మాంసం, రెండు పలుసామీలు. వాడే పెట్టాడు.

"తిను, సిగ్గెందుకు?" అంది ఆనె అత్త. "మీ అన్న పొద్దున్నే లేచి పొయ్యి రాజేశాడు. ఆ బుగ్గలేవే? ఎవడికిచ్చేశావు?"

అందరూ నవ్వారు. మసీనా నవ్వలేదు. ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఇంకా నమిలింది. ఎడమచేతి వేళ్లు ఒళ్లో ఏదో లెక్క పెట్టుకుంటున్నాయి. పాస్టరు "దేవుడిచ్చిన ఒళ్లమ్మా, నింపుకో" అన్నాడు. ఇంకో ముక్క. అంతమంది కళ్లూ ఆ నోటి మీదే. సేఫోకి అప్పుడర్థమైంది తను చేసిందేమిటో. తూకం మిషను ఒకటే తక్కువ.

పళ్లెం ఖాళీ చేసింది. "చేతులకి నీళ్లు తెస్తాను" అని లేచి లోపలికి వెళ్లింది. పెద్దలు జిడ్డు చేతులతో కూర్చున్నారు. నీళ్లు రాలేదు.

సేఫో స్నానాలగది తలుపు దగ్గర నిలబడ్డాడు. లోపల కొళాయి గట్టిగా పారుతోంది. దాని కింద ఇంకో చప్పుడు. "మసీనా" అన్నాడు. పలకలేదు. "అమ్మా!" అని కేకేశాడు. గ్యారేజీలో పాట ఎత్తుకున్నారు, ఎవరికీ వినపడలేదు. తలుపు మీద చెయ్యి వేశాడు, తీశాడు. చెల్లెలున్న స్నానాలగది. ఆ తలుపు తోసిన అన్నని వాళ్లలో మనిషిగా చూడరు. కొళాయి పారుతూనే ఉంది. రెండో చప్పుడు ఆగిపోయింది. తర్వాత నేల మీద ఏదో పడ్డట్టయింది.

భుజంతో తలుపు విరగ్గొట్టాడు. చేతుల మీద ఎత్తుకున్నాడు. ఎముకల మూట. బరువన్నదే లేకపోవడం వాడి చేతులు జన్మలో మరవవు.

గుండె లయ తప్పిందన్నారు ఆసుపత్రిలో. కొన్నాళ్లకి తిండి జబ్బుల వార్డుకి మార్చారు. సేఫోకి ఎవరి గొంతో ఒకటి పట్టుకోవాలని ఉంది. "ఆ ఫోనే కదా చేసింది?" అని డాక్టరమ్మని నిలదీశాడు. ఆవిడ తేల్చి చెప్పలేదు. "జట్టంతా వాడారుగా, వాళ్లకేం కాలేదు. కొందరికి లెక్క లెక్కలాగే ఉంటుంది. కొందరికి అదే యమపాశమవుతుంది. ఎవరికి ఏదో చూడకుండా అందరి చేతిలో పెట్టడమే తప్పు" అంది. డిలేనీ మాత్రం ఇంకో జట్టుకి తర్ఫీదు ఇస్తున్నాడు. అలాంటివాళ్లకి ఏ జబ్బూ రాదు.

అన్నని చూడనని మసీనా చాన్నాళ్లు మొండికేసింది. తల్లి వెళ్లేది, ఏడ్చుకుంటూ వచ్చేది. ముక్కులోంచి తిండి పోసే ట్యూబు తీసేశారు గానీ పళ్లెం ముందు గంటలు గంటలు కూర్చుంటోందని, మళ్లీ పెడతారేమోనని అంది. ఒకరోజు వార్డు నుంచి కబురొచ్చింది. మధ్యాహ్నం భోజనానికి ఇంటివాళ్లలో ఒకరు పక్కన కూర్చోవచ్చట. ఆమె సేఫో పేరు చెప్పిందట.

వెళ్లాడు. బల్ల మీద రెండు పళ్లేలున్నాయి. ఆమె ముందున్నది ముట్టలేదు. వాడు కూర్చోకుండా గుమ్మంలోనే తలవంచుకుని నిలబడ్డాడు.

"వచ్చావా" అంది మసీనా. "మన పెద్దలు క్షమాపణ అడిగినట్టు తలమీద చాప కప్పుకుని నేలమీద కూర్చుంటావేమో, నర్సుల ముందు పరువు తీస్తావేమోనని హడలి చచ్చా."

"కూర్చోమంటే కూర్చుంటా."

"వద్దులే మహానుభావా. కుర్చీలో కూర్చో." ఫోర్కు చేతిలోకి తీసుకుంది. "నాకు వడ్డించకు. తినమనకు. నీ పళ్లెం నువ్వు తిను, ఏదైనా వాగుతూ తిను. నా పళ్లెం వంక చూశావంటే మాత్రం లేచిపోతా."