లేని మిషన్ల ముందు

కాలర్లక్క ఆ ఉదయం ఏమీ తినకుండానే డ్యూటీకి వచ్చేసింది. ఇరవై రెండేళ్లుగా చొక్కాలకు కాలర్లు కుడుతున్న మనిషి. ఫ్యాక్టరీలో ఆమె అసలు పేరు అడిగితే తడుముకునేవాళ్లే ఎక్కువ. చూడకుండానే సూదిలో దారం ఎక్కించే ఆ చేతులు ఇవాళ జడ అల్లుకోవడానికి కూడా మాట వినలేదు.

పదకొండింటికి భోజనాల హాల్లో ప్రదర్శన. మాటలుండవు, వేషాలుండవు. పోయిన ఏడాది ఫ్యాక్టరీలో మంటలు లేచి పొగ కమ్మిన రోజును పన్నెండు మంది ఆడవాళ్లు ఉత్త చేతులతో, ఉత్త కుర్చీల్లో కూర్చుని చూపించాలి. నాటకం టీచరమ్మ ఆరు వారాలు ఓపిగ్గా నేర్పింది. "నటించకండమ్మా. ఆ రోజు మీ ఒళ్లు ఏం చేసిందో దాన్నే చెయ్యనివ్వండి" అనేది. మొదటి వారం నవ్వులు, రెండో వారం ఏడుపులు. మూడో వారం నుంచి కొందరికి నిద్ర పట్టసాగింది. కాలర్లక్కకు మాత్రం ఉన్న నిద్ర కూడా పోయింది.

ఆ రోజు ప్రమాద గంట మోగగానే పరుగందుకున్న మరదలిని, తమ్ముడి భార్యని, "మిషన్ ఆపి పోవే! మళ్లీ తిట్లు తింటావా?" అని కేకేసింది తనే. మరదలు మిషన్ ఆపడానికి వెనక్కి తిరిగింది. ఆ కాసేపట్లోనే పొగ దారి మూసేసింది. దేవుడి దయవల్ల ప్రాణం దక్కింది గానీ, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. పని మానేసింది. ఆ కేక సంగతి ఇద్దరూ ఎన్నడూ ఎత్తలేదు. మరదలికి అది గుర్తుండకూడదని మొక్కుకున్న రోజులున్నాయి. అలా మొక్కుకున్నందుకు లెంపలేసుకున్న రోజులూ ఉన్నాయి.

ఇప్పుడు ఆ మరదలే మొదటి వరుసలో కూర్చుంది. ఎవరూ చెప్పకుండానే వాచ్‌మన్ ఆమె కుర్చీని గాలి తగిలేలా కిటికీ దగ్గరకు జరిపాడు. ఆమె పక్కనే మేనేజరు.

"ఏంటక్కా, పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు వణుకుతున్నావ్?" అంది గుండీలు కుట్టే పిల్ల.

"నీ పళ్లు టకటకలాడటం ఇక్కడిదాకా వినిపిస్తోంది. ముందు అది చూసుకో."

ప్రదర్శన మొదలైంది. పన్నెండు జతల చేతులు గాల్లో గుడ్డ జరపసాగాయి. లేని పెడళ్లను పాదాలు తొక్కాయి.

అప్పుడు గంట మోగింది. ఇన్నాళ్లూ చప్పట్లతోనే సాధన చేశారు. అసలు గంటకు మేనేజరు అనుమతి ఇచ్చింది ఈ ఒక్కరోజుకే. చప్పట్లకు చటుక్కున లేచి తలుపు వైపు పరుగెత్తేవాళ్లు. ఇప్పుడు కాలర్లక్క లేవలేదు. కుడిచెయ్యి దానంతటదే లేని బల్ల కిందికి పోయి, లేని స్విచ్చు కోసం తడిమింది.

'అయ్యో, చెడగొట్టేశాను' అని చచ్చేంత సిగ్గుతో తలెత్తి చూసింది. పన్నెండు కుడిచేతులూ లేని బల్లల కిందే ఉన్నాయి. గుండీల పిల్లయితే ఎడంచేత్తో లేని గుడ్డను మడత కూడా పెడుతోంది.

మేనేజరు సగం లేచాడు. "ఆగండాగండి. గంట మోగితే పరుగెత్తాలి కదా! చేతులు కిందికి పెడతారేంటి?"

టీచరమ్మ కాలర్లక్క వైపు చూసింది. నోరు విప్పితే మరదలు వింటుంది. విప్పకపోతే రేపు ఇంకెవరో అక్కడే ఆగిపోతారు.

"మిషన్ ఆపకుండా లేస్తే మీరేగా తిట్టేది సార్! ఆ అలవాటు మా చేతులకు పట్టేసింది. ఆ రోజు లేచిన మనిషిని కూడా నేనే వెనక్కి తిప్పాను. మీ పక్కన కూర్చుందే, మా మరదలు... దాన్నే."

"తెలుసు వదినా" అంది మరదలు. "నీ గొంతు నాకు తెలీదా? ఏడాదిగా మా ఇంటికొచ్చి, నా మొహం చూడకుండా గిన్నెలు తోమి పోతున్నావు. అందుకేగా?"

"కోపం లేదా నీకు?"

"ఎందుకుండదు?" ఊపిరి అందేదాకా ఆగింది. "ఉంది. కానీ ఇప్పుడు పన్నెండు చేతులూ చూశాగా. నువ్వు పిలవకపోయినా, నేనే సగం దారిలోంచి వెనక్కొచ్చేదాన్నేమో."

మేనేజరు కరెంటు మేస్త్రీని పిలిచాడు. తలుపు దగ్గర ఒక్క స్విచ్చుతో మిషన్లన్నీ ఆగేలా చేయడానికి రెండు రోజులు పడుతుందన్నాడు మేస్త్రీ.

"మరి ఈ రెండు రోజులూ?" అంది కాలర్లక్క.

టీచరమ్మ మళ్లీ గంట మోగించింది. స్విచ్చు తడమకుండా ముగ్గురే లేచారు. మళ్లీ మోగించింది. ఐదోసారికి లేచింది ఏడుగురే. కాలర్లక్క ఆ ఏడుగురిలో లేదు.

చెమట తుడుచుకుని, "ఇంకోసారి కొట్టండమ్మా" అంది.