మంచులో మా అమ్మ పాట

దయ్యాలు, సోదెలు, కలలో కనిపించి చెప్పడాలు ఇవేవీ నేను నమ్మే మనిషిని కాదు. రాజాంలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. మాది మూడు తరాల క్రైస్తవ కుటుంబమే. అయినా ప్రార్థనలో ఎవరైనా లేచి తనకు దర్శనం వచ్చిందంటే, తల దించుకుని నవ్వు ఆపుకునేదాన్ని. అలాంటి నేను ఇది రాస్తున్నానంటే, జరిగినదాంట్లో సగం నా కళ్ల ముందే జరిగింది కాబట్టి.

మా ఊరు నౌపడకి అవతల, సముద్రం ఒడ్డున ఉంటుంది. నాన్న సముద్రం మీద చేపల వేటకి వెళ్తాడు. అమ్మ, పేరు మార్తమ్మ, చేపలు అమ్ముతుంది, ఆదివారం ప్రార్థన మందిరంలో పాటలు ఎత్తుకుంటుంది. మా మందిరంలో మైకు లేదు. అమ్మ గొంతు ఉండగా దాని అవసరం రాలేదు.

ఒక ఏడాది, ఒడ్డుకి చేరబోతున్న నాన్న బోటుని కెరటం తిరగేసింది. నాన్నతో చిన్నప్పటి నుంచీ వేటాడిన స్నేహితుడు ఆయన కళ్ల ముందే పోయాడు.

నెల తర్వాత నాన్న మళ్లీ బోటు మీద చెయ్యి వేశాడు. వేసిన చెయ్యి వణికింది. గుండె దడ, ఒళ్లంతా చెమట. వెనక్కి వచ్చేశాడు. మర్నాడూ అంతే. ఆ తర్వాత నెలల తరబడి ఇంటి దగ్గరే వలలు బాగుచేస్తూ కూర్చున్నాడు. "సముద్రానికి బయపడ్డోడు ఏటి జాలరోడు?" అని ఊళ్లో నవ్వారు.

నేను శ్రీకాకుళం తీసుకెళ్లి డాక్టరుకి చూపించాను. గుండెకి ఏమీ లేదు, ఇది ఆందోళన అని మందులిచ్చాడు. నిద్ర పట్టింది గానీ, కాలు మాత్రం నీళ్లలో పడలేదు.

అప్పుడు అమ్మ మొదలుపెట్టింది. రోజూ తెల్లారగానే నాన్నని చెయ్యి పట్టుకుని ఒడ్డుకి తీసుకెళ్లేది.

"కెరటాన్ని సూడకు. సూసిన కొద్దీ పెద్దదవుతాది. దేవుణ్ణి సూడు. పాట అయ్యేదాకా ఆయన్నే సూడు, అయ్యాక ఇంటికెల్లిపోదాం."

ఆ పాట మా తాత, అంటే అమ్మ వాళ్ల నాన్న, కట్టింది. నాలుగు చరణాలు. మా మందిరం దాటి ఎక్కడా లేదు, ఎవరూ రికార్డు చెయ్యలేదు. మొదట్లో పొడి ఇసకలోనే నిలబడి పాడుకున్నారు. తర్వాత చీలమండల లోతు, తర్వాత మోకాళ్ల లోతు. తర్వాత కొన్నాళ్లు ఒడ్డున ఆగి ఉన్న బోటులో కూర్చుని. సంక్రాంతి దాటాక నాన్న వేటకి వెళ్లాడు.

"బయం పోలేదమ్మా, వస్తాది," అన్నాడు నాతో. "వచ్చినప్పుడు పాట ఎత్తుకుంటాను. మనసు ఆయన మీదికి ఎల్తాది. బయం దాని దారిన అది పోతాది."

ఆ సోమవారం కాలేజీ స్టాఫ్ రూములో అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ కూడా మా నాన్న మళ్లీ సముద్రం మీదికి వెళ్లాడని చెప్పుకున్నాను.

రెండేళ్లు గడిచాయి. అమ్మకి గొంతులో గడ్డ లేచింది. శ్రీకాకుళంలోనే ఆపరేషన్ చేశారు. వారం దాకా మాట్లాడకూడదన్నారు. నేను సెలవు పెట్టి పక్కనే ఉన్నాను. నాన్నని మాత్రం ఆపరేషన్‌కి ముందే అమ్మ కోప్పడి ఊరికి పంపేసింది. "నువ్విక్కడ కూకుని ఏటి సేస్తావు? వేటకెల్లు."

మూడో రోజు పొద్దున్న అమ్మ మంచం మీద లేచి కూర్చుంది. కళ్లు మూసుకుంది. పెదవులు కదులుతున్నాయి. కుడిచేత్తో మంచం పట్టీ మీద తాళం వేస్తోంది. గొంతులోంచి చిన్న చప్పుడు కూడా లేదు. నేను చెవి దగ్గర పెట్టి మరీ చూశాను. జ్వరం చూడటానికి వచ్చిన నర్సు "మాట్లాడొద్దన్నాం కదా" అని కసిరింది. "మాట్లాడటం లేదండీ, వినండి" అన్నాను. ఆమె కూడా వంగి చూసింది, ఏమీ వినిపించలేదు. గోడ గడియారంలో అప్పుడు ఏడు కావడానికి ఇరవై నిమిషాలు ఉంది. చాలాసేపటికి అమ్మ తాళం ఆపి పడుకుంది.

పది గంటలకి నాన్న ఫోన్ చేశాడు. "అమ్మ ఎలాగున్నాది?" అని మూడుసార్లు అడిగాడు.

సాయంత్రం నాన్న, అప్పన్న మావయ్య కలిసి ఆసుపత్రికి వచ్చారు. మావయ్య అమ్మకి చిన్నాన్న కొడుకు, నాన్న బోటులోనే వేటకి వెళ్తాడు. మావయ్య వాళ్లు గంగమ్మకి మొక్కేవాళ్లు, మందిరం గడప ఎప్పుడూ తొక్కలేదు.

తెల్లవారాక తిరిగి వస్తుంటే మంచు కమ్మేసిందట. బోటు ముందు భాగమే కనిపించలేదు. కెరటాల హోరు అన్ని వైపుల నుంచీ ఒకేలా వినిపించింది. నాన్నకి పాత వణుకు మళ్లీ వచ్చింది. పాట ఎత్తుకుందామంటే మాట రాలేదు.

"అప్పుడు ఎడం పక్కనించి మా మార్తక్క పాడతన్నాది," అన్నాడు మావయ్య. "అక్క గొంతు నాకు తెల్దేటి? సెల్లు తీసి సిగ్నలుందేమోనని సూసేను. లేదు. ఆరూ నలబై అయ్యింది."

బోటులో నలుగురూ విన్నారు. నాన్న చేతులు వణుకుతూనే ఉన్నా, చుక్కాని పాట వైపు తిప్పి వదలకుండా పట్టుకున్నాడు. మంచు విడిచాక చూస్తే, ఎదురుగా మా ఊరి ఒడ్డు. పాట వినకముందు వాళ్లు వెళ్తున్నది ఏరు సముద్రంలో కలిసే మొగ వైపు. అక్కడ ఇసకదిబ్బల మీద కెరటాలు విరిగిపడతాయి. స్నేహితుడు పోయిన రోజు నాన్న బోటు తిరగబడింది అక్కడే.

అమ్మ అంతా వింది. నోటుపుస్తకం తీసుకుని నెమ్మదిగా రాసింది. నాన్న పైకి చదివాడు.

"నేను మీ గురించి అనుకోలేదు. మళ్లీ పాడగలనో లేదో అని భయం వేసింది. దేవుణ్ణి తలుచుకుని లోపలే పాడుకున్నాను. మా నాన్న పాట."

చివరి మాటని నాన్న రెండోసారి చదివాడు. మంచులో వాళ్లు విన్నది ఆ పాటే.

నేను ఊరుకోలేదు. ఇంటికెళ్లాక గడపగడపకీ తిరిగి, ఆ పొద్దున్న ఎవరైనా పాడారా అని అడిగాను. ఎవరూ పాడలేదు. మందిరం తాళంచెవి అమ్మ సంచిలో, ఆసుపత్రిలో ఉంది. భయంలో ఒకరికి లేని శబ్దం వినిపించవచ్చు, ఒప్పుకుంటాను. నలుగురికీ ఒకే పాట, ఒకే దిక్కు నుంచి ఎలా వినిపిస్తుందో నాకు తెలియదు. ఆసుపత్రికీ మా ఒడ్డుకీ మధ్య ఎంత దూరం ఉందో మాత్రం తెలుసు.

అమ్మ గొంతు తిరిగి వచ్చింది గానీ బొంగురుపోయింది. ఇప్పుడు ఆదివారం పాట నాన్న ఎత్తుకుంటున్నాడు. శ్రుతి ఉండదు. ఒకప్పుడు తన బోటు మీద చెయ్యి వెయ్యలేకపోయిన మనిషి ఊరందరి ముందు నిలబడి పాడుతుంటే, వెనక వరసలో కూర్చుని నేను తల ఎత్తుకునే వింటాను.

కిందటిసారి ఊరెళ్లినప్పుడు అప్పన్న మావయ్యని అడిగాను, ఇప్పుడైనా దేవుణ్ణి నమ్ముతున్నావా అని. వల దులుపుతూనే అన్నాడు.

"దేవుడో ఏటో నాకు తెల్దమ్మా. ఇన్నాను. ఇన్నదాన్ని ఇనలేదని ఎలాగ సెప్పను?"