ఇరవై ఏడో పొర కవరు

నర్సింహమ్మది గుమ్మడిదల. పదకొండేళ్లు మందుల కంపెనీలో బెల్టు మీద పోయే మాత్రల్లోంచి పగిలినవి ఏరింది. ఆ కంపెనీ మూతపడ్డాక పటాన్‌చెరులో రేకుల షెడ్డు కింద నడిచే ఒక ల్యాబులో చేరి ఇప్పుడు గవ్వలు ఏరుతోంది. సముద్రం అడుగున తవ్వి తీసిన బురదలోని గవ్వలవి, ఒక్కోటి ఆవగింజలో పదో వంతు కూడా ఉండదు. ఏ పొరలో ఏ రకం ఎన్ని ఉన్నాయో చూస్తే, కోట్ల ఏళ్ల కింద సముద్రం ఎప్పుడు వేడెక్కిందో తెలుస్తుందట. ఆమె మైక్రోస్కోపులో చూస్తూ, సన్నటి బ్రష్షు కొన తడిపి, ఒక్కో గవ్వనూ నల్లటి అట్ట మీద అతికిస్తుంది. పొరకు మూడు వందల గవ్వలు అతికించాలి.

ల్యాబు యజమాని చంద్రకాంత్. పేరు ముందు డాక్టర్, వెనక నాలుగు డిగ్రీలు, గోడ నిండా శాలువాలు కప్పించుకున్న ఫొటోలు. మూడేళ్లలో ఆ మనిషి మైక్రోస్కోపు ముందు కూర్చోగా నర్సింహమ్మ చూడలేదు. ఏసీ గదిలోంచి బయటికొచ్చేది ఏరేవాళ్లను తిట్టడానికే. చదువు ఇంత దండగ పని అని ఆమెకు ఈయన్ని చూశాకే తెలిసింది.

ఇరవై ఏడో పొర దగ్గర ఆమె చేయి ఆగిపోయింది. బాగున్నవి నలభై కూడా లేవు. మిగతావన్నీ అంచులు కరిగి, చిల్లులు పడి, ముక్కలైనవే.

"సార్, గిండ్ల మంచియి లెవ్వు. అన్నీ పలిగినయే," అంది.

"ఇరవయ్యారుల మిగిలినయి గదా, అవి వెట్టి నింపు. ఎవడు చూస్తడు?"

నింపింది. నింపకపోతే పని పోతుంది, యాభైకి దగ్గరపడ్డ మనిషికి ఇంకో గేటు తెరుచుకోదు. కానీ పగిలినవాటిని పారేయలేదు. మందుల కంపెనీలో ఏరినదాన్ని చెత్తలో వేస్తే మెమో ఇచ్చేవారు. కవర్లో పోసి, ఎందుకు తీశారో, ఎవరు తీయమన్నారో చీటీ రాసి, సంతకం పెట్టి బీరువాలో ఉంచాలి. ఆ అలవాటు ఆమె చేతిని వదల్లేదు.

నెలన్నర తర్వాత, ఆ బురద పంపిన శాస్త్రవేత్త ఇంద్రజ స్వయంగా వచ్చింది. ఇరవై ఏడో పొర అట్టను బల్ల మీద పెట్టింది.

"సముద్రం వేడెక్కింది ఈ పొరలోనే అయ్యుండాలి. నీళ్లలో ఆమ్లం పెరిగి గవ్వల్ని తినేసి ఉండాలి. ఇవేంటి ఇంత చక్కగా ఉన్నాయి?"

చంద్రకాంత్ కొంచెమైనా తడబడలేదు. "ఏరేటోళ్లకు అక్షరం ముక్క రాదు మేడం. ఈమె పొరలన్నీ కలిపేసింది. ఇయ్యాల్నే తీసేస్త."

నర్సింహమ్మకు ఒళ్లు మండింది.

"ఏవి కలిశాయో చూపించండి," అంది ఇంద్రజ.

ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, మైక్రోస్కోపులో కన్ను పెట్టి, మర అటూ ఇటూ తిప్పి, తల పంకించాడు. "ఇగో, సాఫ్ కనవడుతున్నది. సగం ఇరవయ్యారువే."

"సార్," అంది నర్సింహమ్మ, "లైటేసి సూడుండ్రి."

మైక్రోస్కోపు స్విచ్చి ఆమే నొక్కింది. బీరువా తెరిచి కవరు తెచ్చి ఇంద్రజ చేతికిచ్చింది. ఇంద్రజ చిటికెడు పోసుకుని చాలాసేపు చూసింది. తను వెతుకుతున్నది ఇదేనంది. తర్వాత కవరు తిప్పి, దాని మీది చీటీని పైకే చదివింది.

"పొర 27. పలిగినయి. ఇరవయ్యారువి నింపుమన్నది చంద్రకాంత్ సార్. ఏరింది నర్సింహమ్మ."