ఎత్తమన్న మాట

కొండల మీద కరెంటు టవర్లు నిలబెట్టే పనిలో హెలికాప్టర్ నడిపే పైలట్‌ని కిందివాళ్ళందరూ పైవాడు అని పిలిచేవారు. "పైవాడు ఇంకా రాలేదేంటి?" అని ఒకడంటే, "ఆయన దయ తలిచేదాకా మనం చేసేదేముంది, కూర్చో" అని ఇంకొకడు. అది విని ఆయన నవ్వేవాడే గానీ, లోపల కాస్త జంకేవాడు కూడా. దేవుడికి చెల్లే పేరు మనిషి మోయడం ఏమంత మంచిదని.

ఆయనది ఒంటరి పని. పొడుగాటి ఉక్కుతాడుకు ఇనుప చట్రాన్ని వేలాడదీసుకుని వెళ్ళి, సగం లేచిన టవర్ మీద చూసి చూసి దించాలి. అందుకోసం కిటికీలోంచి తల బయటపెట్టి, మెడ వంచి కిందికే చూస్తూ నడపాలి. ఏళ్ళ తరబడి అలా వంచీ వంచీ ఆయన మెడ నేల మీద కూడా ఒక పక్కకే ఒరిగి ఉండేది. దారిలో ఎదురైనవాళ్ళు పాపం ఏదో పారేసుకుని వెతుక్కుంటున్నాడనుకునేవారు.

టవర్ మీద, తాడు చివర కొక్కెం దగ్గర పనిచేసే మనిషిని అందరూ బావ అనేవారు. ఎవరికి బావో ఎవరికీ తెలియదు. చట్రం చోటుకు చేరేదాకా రేడియోలో పైలట్ చెవిన పలికే గొంతు అతనిదే. మీటర్ల లెక్క అతనికి ఒంటబట్టలేదు. "నిలువెత్తుంది సారూ... మూరెడు... జానెడు... బెత్తెడు... ఆగండి, కూర్చుంది." ఆ తర్వాత బోల్టులు బిగించి, కొక్కెం విప్పి, "ఎత్తండి" అనేవాడు. ఆ మాట వినపడకుండా పైకి లేవకూడదు. ఆ పనిలో అంతకు మించిన కట్టుబాటు లేదు.

పైనుంచి పైలట్‌కి కనబడేది పసుపుపచ్చ టోపీ, రెండు చేతులు. అంతే. పనయ్యాక అతను కొండ మీద గుడారంలో, ఈయన ఊళ్ళో దర్జీ కొట్టు మీది అద్దెగదిలో. భార్య పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు, ఉన్న ఒక్క అక్కా ఎక్కడో దూరపు ఊళ్ళో. పొద్దున్నే "తిన్నారా సారూ?" అని ఆయన్ని అడిగే గొంతు లోకంలో అదొక్కటే.

ఒకనాడు గాలి ఉన్నట్టుండి తిరగబడింది. చట్రం అప్పటికే టవర్ మీద బిగిసింది, కొక్కెం ఇంకా విప్పలేదు. హెలికాప్టర్ పైకి లేచింది. టవర్ కదలదు గదా, తాడు బిగిసి హెలికాప్టరే పక్కకు ఒరిగి, రెక్కలు విరిగి, కొండవాలు మీది పొదల్లో పడింది. బావ టవర్ మీదనుంచి ఎలా దిగాడో అతనికే తెలియదు. బెల్టు కోసి, పైలట్‌ని వీపు మీద వేసుకుని కిందికి మోసుకొచ్చాడు.

ఆసుపత్రిలో చూడవచ్చిన ప్రతివాళ్ళూ భూమ్మీద ఇంకా నూకలున్నాయన్నారు. పక్క మంచం ముసలాయన తన చేతికే సూది ఉన్నా, రెండో చేత్తో గ్లాసు వంచి ఈయనచేత పాలు తాగించేవాడు. దర్జీ అయితే ఎవరూ అడక్కుండానే ఆయన ప్యాంట్లన్నిటికీ ఒక కాలు కుట్టు విప్పి, పిండికట్టు పట్టేలా బొందులు కుట్టి పంపాడు. ఇలాంటివాళ్ళ చేతులమీదుగానే దేవుడు లోకాన్ని నడుపుతున్నాడని ఆయనకు అనిపించేది. అందరూ వెళ్ళిపోయాక మాత్రం చెవులు ఊరికే ఏదో వినడానికి రిక్కించుకునేవి.

గదికి చేరిన కొన్నాళ్ళకు, ప్రమాదం గురించి విచారించే అధికారి వచ్చాడు. పళ్ళ సంచి బల్ల మీద పెట్టి, నెమ్మదిగా అడిగాడు.

"ఎత్తమన్న మాట మీరు విన్నారా?"

పైలట్ కళ్ళు మూసుకుని వెతుక్కున్నాడు. "బెత్తెడు" దాకా ఉంది. ఆ తర్వాత సున్నం కొట్టిన గోడ.

"గుర్తు లేదండీ."

"తలకు దెబ్బ తగిలింది గదా, ఫర్వాలేదు. ఆ బావ అనే అతను ఒప్పుకున్నాడు లెండి. కొక్కెం విప్పాననుకుని పొరపాటున ఎత్తమన్నాడట. అతణ్ణి పనిలోంచి తీసేస్తాం. మీరు కూడా విన్నానని ఒక్క మాటంటే, కాలు నయమయ్యాక మళ్ళీ ఎగరొచ్చు. ఆలోచించి ఫోన్ చేయండి."

ఆ మాటతో పైలట్ ప్రాణం లేచివచ్చింది, వెంటనే చివుక్కుమంది కూడా. బావ పొరబడ్డాడా? బావకు కబురు పెట్టాడు.

బావ ఉన్న నాలుగు వెంట్రుకలూ నున్నగా దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"రా బావా, కూర్చో."

"నిలబడతాలెండి."

"నువ్వు నిలబడితే నేను మెడ ఎత్తలేను. కూర్చో."

కుర్చీ అంచున కూర్చున్నాడు.

"నీకు బట్టతలని నాకు తెలియదు బావా."

"టోపీ మరి ఎందుకు పెట్టుకుంటాననుకున్నారు?"

ఇద్దరూ నవ్వారు. నవ్వు అయిపోయింది. గాలిలో అన్నేళ్ళు మాట్లాడుకున్న ఇద్దరికీ ఎదురెదురుగా కూర్చుంటే చూపు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. నొప్పి ఎలా ఉందని అతను, పిల్లలు ఎలా ఉన్నారని ఈయన అడిగారు. బావే లేచి టీ కాచాడు. తాగాక గ్లాసులు పట్టుకుని వెనక వంటగదిలోకి పోయాడు. కుళాయి చప్పుడు వినిపించింది.

"సారూ."

గోడ అవతలినుంచి. అది పైలట్ ఎరిగిన గొంతు.

"చెప్పు బావా."

"నేను ఎత్తమనలేదు."

పైలట్ వంటగది వైపు మెడ తిప్పాడు.

"గాలి కొట్టేసరికి మీరు కంగారుపడ్డారు. ఆగండి ఆగండి అన్నాను. అప్పటికే తాడు బిగిసింది."

"మరి వాళ్ళతో అలా ఎందుకు చెప్పావు?"

"నాకేం సారూ, ఎక్కడైనా మూటలు మోస్తాను. మిమ్మల్నే మోశాను గదా. ఇంటికి పోతే పిల్లలు మీదెక్కి తొక్కుతారు. మీకు ఎగరడం ఒక్కటే. అదీ పోతే, నేల మీద మీకెవరున్నారు?"

కుళాయి చప్పుడు ఆగింది.

"విన్నానని చెప్పేయండి. ఇద్దరం ఒక మాట మీదుంటే ఇంకెవరూ కదపరు."

గ్లాసులు బోర్లించి బయటికొచ్చాడు. ఆయన ముఖంలోకి చూడకుండా, చేతికర్రను మంచానికి దగ్గరగా జరిపి, "వస్తాను" అని మెట్లు దిగిపోయాడు.

మర్నాడు పొద్దున పైలట్ ఫోన్ ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. విన్నాను, ఒక్క మాట. అది నాలుక చివరిదాకా వచ్చిందని తర్వాత అక్కతో ఒప్పుకున్నాడు కూడా.

"అతను ఎత్తమనలేదండీ. నేనే ముందు లేపాను" అన్నాడు అధికారితో.

"గుర్తొచ్చిందా?"

"రాలేదు. అతను చెప్పాడు."

"మాతో వేరేలా చెప్పాడు గదా."

"మీతో చెప్పింది నాకోసం. కొక్కెం దగ్గర అతను బెత్తెడంటే బెత్తెడే ఉండేది. విప్పకుండా విప్పానని ఎన్నడూ అనలేదు."

"ఇది రాసుకుంటే మీరిక ఎగరలేరు. మళ్ళీ ఆలోచించుకుంటారా?"

"రాసుకోండి."

సాయంత్రానికి బావ ఫోన్ చేశాడు. "నా మాట మట్టిపాలు చేశారు సారూ" అన్నాడు, కోపంగా. ఇంకేదో అనబోయి ఫోన్ పెట్టేశాడు. వారం తిరక్కుండా కొత్త పైలట్ వచ్చాడనీ, బావ మళ్ళీ కొండెక్కాడనీ దర్జీ చెప్పాడు. వెళ్ళేముందు బావ రాలేదు. కొండ మీద ఫోన్లు పనిచేయవు. అక్క మాత్రం ఊరినుంచి ఫోన్ చేసి, "ఇక ఏం చేస్తావురా?" అంది.

"తెలియదక్కా."

"మా దగ్గరకొచ్చేయ్."

"చూస్తాలే."

ఆ పూట ఆయన కుంటుతూ తనకు సరిపడా అన్నం వండుకుని, తిని, కంచం కడిగి, దేవుడికి దండం పెట్టుకున్నాడు. తనకోసం కోరుకుందామంటే ఏమీ తోచలేదు. రేపు ఆ కొండ మీద గాలి నెమ్మదిగా ఉండాలని మాత్రం అడిగి, దీపం ఆర్పాడు.